దేవకుమారి చూసొచ్చిన నరకం

"ఆంటీ, మీరు నరకం వెళ్ళారా?"

అడిగింది క్రిస్టినా. వయసు తొమ్మిది. శాన్ రామన్ తెలుగు చర్చిలో పదిహేడేళ్ళుగా సండే స్కూల్ చెబుతున్న దేవకుమారిని, పాఠం మధ్యలో, చెయ్యి కూడా ఎత్తకుండా అడిగింది. నరకం ఎలా ఉంటుందో తనకి తెలుసని అప్పుడే చెప్పిన దేవకుమారి చేతిలో ఫ్లాష్ కార్డు ఉంది. కార్డు నిండా మంటలు, ఆ మంటల్లో నిలబడి గుక్కెడు నీళ్ళు అడుగుతున్న ఒక ధనవంతుడు. పాలకొల్లు నుంచి ఎప్పుడో సూట్‌కేసులో తెచ్చుకున్న కార్డుల కట్టలో మిగిలింది అదొక్కటే. అంచులు నలిగిపోయాయి, మంటలు వెలిసిపోయి గులాబి రంగుకి వచ్చాయి.

"లేదమ్మా. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు కదా" అంది దేవకుమారి.

"ఎవరూ తిరిగి రాకపోతే ఈ పిక్చర్ ఎవరు డ్రా చేశారు?"

మిగతా పిల్లలు రంగు పెన్సిళ్ళు దించి తలలెత్తారు. దేవకుమారి తడుముకుని, మనం నమ్ముతాం కదా అంది.

"నమ్మడం ఓకే ఆంటీ. కానీ మీరు తెలుసు అని చెప్పారు" అని క్రిస్టినా రంగుల డబ్బా మూత పెట్టేసింది.

ఇలాంటి చోట వాడుకోవడానికి పెద్దవాళ్ళ దగ్గర ఒక సమాధానం ఎప్పుడూ ఉంటుంది: పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే. దేవకుమారికి అరవై దాటాయి. తనకి ఇంకా తెలియలేదు. అందుకే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

దేవకుమారి జీవితంలో పత్రికకి ఎక్కేటంత విశేషాలేమీ లేవు. పాలకొల్లు దగ్గర మిషన్ బడి పంతులమ్మ కూతురు. బీకాం చదివింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం కంగారుపడుతున్న రోజుల్లో వాటిని సరిచేసే ఉద్యోగానికి వస్తున్న భర్త దైవాశీర్వాదం వెంట కాలిఫోర్నియా వచ్చింది. ఆయన చేసిన పనికో, ఆయన చేయకపోయినా అలాగే జరిగేదో గాని, కంప్యూటర్లు ఆగలేదు. వీళ్ళు ఉండిపోయారు. ఆమె ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో జీతాల విభాగంలో చేరింది. ఎవరికి ఎంత రావాలి, దేనికి ఎంత కోత పడాలి అన్నది ఆమె పని. ఇప్పటికీ అదే కుర్చీ. పిల్లలిద్దరూ సియాటిల్‌లో ఒకరు, ఆస్టిన్‌లో ఒకరు. వారానికోసారి వీడియోలో కనిపించి, ఇంకేంటమ్మా ఇంకేంటి అని నాలుగుసార్లు అడిగి పెట్టేస్తారు.

చర్చికి సొంత కట్టడం లేదు. అమెరికన్ల చర్చి ఒకటి ఉంది. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం హాలు తెలుగువాళ్ళకి అద్దెకిస్తారు. నాలుగున్నరకల్లా కుర్చీలు మడిచి, చెత్తబుట్టలు ఖాళీ చేసి, తాళం ఇచ్చేయాలి. ఆరాధన తర్వాత అరవైమందికి టీ పెట్టేది దేవకుమారే. నెలకోసారి ప్రేమ విందు ఉంటే ఆ రోజు బిర్యానీ ట్రేలు లెక్కచూసుకునేదీ ఆమే. ఇవన్నీ ఆమె చేసే పనులు. క్లాసు సంగతి అలా కాదు. ఉద్యోగం డిస్ట్రిక్ట్‌ది, ఇల్లు బ్యాంకుది, టీ అందరిది. ఆదివారం నాడు పన్నెండుమంది పిల్లలతో గడిపే ఆ ముప్పావు గంట మాత్రం ఆమె సొంతం. దాన్ని ఎవరైనా అడిగితే ఇవ్వగల మనిషి కాదు.

పై ఆదివారం క్రిస్టినా క్లాసుకి రాలేదు. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ఆమె తండ్రి జోనాథన్ చర్చి కమిటీకి సెక్రటరీ. మొహం చిన్నబుచ్చుకుని వచ్చి, "నేను చెప్తే వినట్లేదు ఆంటీ. మీరే ఏదో ఒకటి చెప్పి తీసుకెళ్ళండి" అన్నాడు. దేవకుమారి వెళ్ళి కారు అద్దం మీద తట్టింది. క్రిస్టినా అద్దం సగం దించింది. ఆ సగంలోంచే బేరం జరిగింది. లోపలికి రావడానికి తనకేం అభ్యంతరం లేదనీ, కాకపోతే తెలియనిదాన్ని తెలుసని చెప్పే క్లాసు తనకి బోరింగ్ అనీ ఆ పిల్ల చెప్పింది. ఆఖరికి తానే ఒక దారి చూపింది.

"మీరు వెళ్ళి చూసి రండి ఆంటీ. టికెట్ డబ్బులు నేను ఇస్తాను."

అద్దం పైకి వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో పాలకొల్లులో దేవకుమారి పిన్నికూతురి కొడుకు పెళ్ళి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎక్కి, సింగపూర్‌లో మారి, విశాఖపట్నంలో దిగడం. సింగపూర్‌లో పొద్దున దిగితే మళ్ళీ రాత్రికి గాని విమానం లేదు. ఇలాంటి ఖాళీ దొరికితే దైవాశీర్వాదం ఊరుకోడు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ప్రాజెక్టులు ఇవే. సింహం తల నీళ్ళు చిమ్మే చోటు, ఇనప చెట్ల తోట, ఎయిర్‌పోర్టులోనే ఉన్న జలపాతం, వీటన్నిటినీ వరసగా పెట్టి ఒక సాయంత్రం భార్యకి ఫోన్ చూపించాడు. ఆమె వేలితో కిందకీ కిందకీ జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగింది. హా పార్ విల్లా. కొండవాలు మీద పాత పార్కు. లోపల చైనా వాళ్ళ నరకం, పది గదులు, సిమెంటు బొమ్మలు. ప్రవేశానికి టికెట్.

"ఏవండీ, ఇక్కడికెళ్దాం."

దైవాశీర్వాదం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "నరకం చూడ్డానికి సింగపూర్ దాకా ఎందుకు దేవీ? ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ లైనుంటుందిగా."

ఆమె నవ్వలేదు. ఆయనకి పెళ్ళయి ముప్పై అయిదేళ్ళు. నవ్వలేదంటే వెళ్తున్నట్టే.

ప్రయాణాలు మనిషి మనసుని విశాలం చేస్తాయని చెప్పేవాళ్ళలో చాలామంది డ్యూటీ ఫ్రీ షాపు దాటి వెళ్ళినవాళ్ళు కారు. దేవకుమారికి మనసు విశాలం చేసుకునే ఉద్దేశమేమీ లేదు. ఒక పిల్లకి జవాబు బాకీ ఉంది, అది తీర్చుకోవడానికి వెళ్తోంది. సింగపూర్‌లో బయటికి రాగానే పాలకొల్లు గాలి తగిలింది. అదే ఉక్క, అదే తడి, కాకపోతే ఇక్కడ రోడ్డు మీద అరటితొక్క లేదు. మెట్రోలో ఇసుక పోస్తే రాలని జనం. ఎవరి ఫోన్ వాళ్ళది, ఒక్కరూ గట్టిగా మాట్లాడరు. నరకానికి ఏ స్టేషన్‌లో దిగాలో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. స్టేషన్‌కే ఆ పార్కు పేరు పెట్టారు.

తలనొప్పికి రాసుకునే టైగర్ బామ్ అందరికీ తెలుసు. ఆ బామ్ అమ్మి కోట్లు గడించిన అన్నదమ్ములు ఎప్పుడో కట్టించిన పార్కు అది. డబ్బొచ్చినవాళ్ళకి జనానికి బుద్ధి చెప్పాలనిపించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కొండవాలు నిండా రంగురంగుల బొమ్మలు: మనిషి తల ఉన్న పీత, చొక్కా తొడుక్కున్న జంతువులు, యుద్ధాలు, పెళ్ళిళ్ళు, వరదలు. ఇదంతా ఉచితం. నరకానికి మాత్రం డబ్బులు కట్టాలి. కౌంటర్‌లో అమ్మాయి, సినిమా టికెట్ ఇచ్చినంత మామూలుగా, ఇద్దరికేనా అని అడిగింది. అమెరికా లెక్కలో మనిషికి పదిహేను డాలర్లు. దైవాశీర్వాదం తాను బయటే కూర్చుంటానన్నాడు. బయట ఎండ మండిపోతోంది. లోపల ఏసీ ఉందని ఆ అమ్మాయి చెప్పింది. ఏసీ ఉన్న నరకానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

మొదటి గదుల్లో ఏ మతం వాళ్ళు చనిపోయినవాళ్ళని ఎలా సాగనంపుతారో అద్దాల పెట్టెల్లో పెట్టారు. అవి దాటాక సొరంగంలాంటి దారి. దారికి అటూ ఇటూ అసలు నరకం. గదికో రాజు, రాజు పక్కన రాసుకునేవాళ్ళు, ఎదురుగా పాపులు. బొమ్మలు మోకాలెత్తు కూడా లేవు గాని రక్తం మాత్రం ధారాళంగా పోశారు. ప్రతి గది దగ్గరా బోర్డు. ఎడమవైపు తప్పు, కుడివైపు శిక్ష.

జీతాల విభాగంలో పనిచేసే మనిషికి ఇది నచ్చకుండా ఎలా ఉంటుంది? దేవకుమారికి చిన్నప్పటి నుంచీ తెలిసిన నరకం ఒకే మంట. హత్య చేసినవాడూ అందులోనే, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టినవాడూ అందులోనే. ఇక్కడ ఏ తప్పుకి ఏ కోతో విడివిడిగా ఉంది. పరీక్షలో కాపీ కొట్టినవాడికి పేగులు లాగుతున్నారు. అన్నం పారేసినవాణ్ణి రంపంతో రెండు ముక్కలు కోస్తున్నారు. పుకార్లు మోసినవాడి నాలిక పట్టకారుతో లాగుతున్నారు. ఆమె ప్రతి బోర్డూ ఆఖరి అక్షరం దాకా చదివింది.

నాలుగో గది దగ్గర దైవాశీర్వాదం అడుగు ముందుకి పడలేదు. పన్ను ఎగ్గొట్టినవాణ్ణి రాతి రోకలితో దంచుతున్నారు. ఆయన ఆ దంచేవాడి వైపే కాసేపు చూశాడు. గట్టి కండలు.

"దేవీ, టాక్సు లెక్కల్లో డైనింగ్ టేబుల్‌ని హోమ్ ఆఫీస్ కింద చూపించాం. అది ఎన్ని సంవత్సరాలు?"

"మీరే చూపించారు. నేను వద్దన్నాను."

"జాయింట్ రిటర్న్ కదా, సంతకం ఇద్దరిదీ" అన్నాడాయన, కాస్త ఆశగా.

ఆ తర్వాత ఆయనకి హుషారొచ్చింది. గదికో బంధువుని సర్దడం మొదలుపెట్టాడు. వడ్డీకిచ్చే తన బావమరిదిని కత్తుల కొండ మీద, పొలం గట్టు జరిపిన పెద్దనాన్నని మరుగుతున్న నూనెలో. వెనక నడుస్తున్న ఆస్ట్రేలియా జంట, ఈ ముసలాయన దేనికింత నవ్వుతున్నాడా అని చూశారు.

ఆఖరి గదిలో శిక్షలు లేవు. అంతా అనుభవించి వచ్చినవాళ్ళకి ఒక ముసలమ్మ కప్పుతో టీ ఇస్తోంది. అది తాగితే జరిగిందంతా మరిచిపోయి, మళ్ళీ పుట్టడానికి వెళ్ళిపోతారట. దేవకుమారి అక్కడ నిలబడిపోయింది. అంత నరకంలోనూ చివరికి టీ పెట్టడానికి ఒక ఆంటీయే కావలసి వచ్చింది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. దైవాశీర్వాదం షాపులో బామ్ సీసాలు నాలుగు కొన్నాడు, ఊళ్ళో అడుగుతారని. ఆమె ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటోంది. బామ్ అమ్ముకునే ఒక ఆసామి మేస్త్రీలని పిలిచి, ఇక్కడ రక్తం పొయ్యండి, అక్కడ నాలిక లాగండి అని చెప్పి చేయించిన నరకం ఇది. ఆ మేస్త్రీలెవరూ వెళ్ళి చూసి వచ్చినవాళ్ళు కారు. ఇంతవరకూ ఎవరికైనా తట్టేదే. ఆమె మనసు ఇంకో మెట్టు ఎక్కింది.

"ఏవండీ, మన కార్డు మీద మంటలు గీసినాయన కూడా వెళ్ళి రాలేదు కదండీ."

దైవాశీర్వాదం బామ్ మూత తీసి వాసన చూసి, మళ్ళీ బిగించాడు. "ఈ మాట విశాఖపట్నంలో అను, పాలకొల్లులో అను. శాన్ రామన్‌లో మాత్రం అనకు."

తిరిగొచ్చాక దేవకుమారి జోనాథన్‌కి ఒక మెసేజ్ పెట్టింది: వెళ్ళి చూసొచ్చానని క్రిస్టినాకి చెప్పు. జోనాథన్ ఆఫీసు మీటింగ్‌లో ఉండి, ఎక్కడికి అని కూడా అడక్కుండా కూతురికి అందజేశాడు. ఈలోగా దేవకుమారి పది ఫొటోలు పెద్దవిగా ప్రింట్ తీయించి, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలు కత్తిరించి, వాటికి అంటించింది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఫ్లాష్ కార్డులు అలా అంటించడం నేర్చుకున్న చేతులు. ఈ దేశంలో ఇంకే సండే స్కూల్ టీచరైనా లింక్ పంపించి ఊరుకునేది. చైనా వాళ్ళ పది నరకాలని పాలకొల్లు పద్ధతిలో కార్డులు చేసి చర్చికి పట్టుకెళ్ళడం దేవకుమారికి మాత్రమే చేతనయిన పొరపాటు.

క్రిస్టినా వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, ప్రూఫ్ ఉందా అని అడిగింది. దేవకుమారి టికెట్ ముక్క చూపించింది. దాని మీద ఇంగ్లీషులో నరకం అనే ఉంది. క్రిస్టినా దాన్ని రెండువైపులా తిప్పి చూసి వచ్చి కూర్చుంది. ఆ ముప్పావు గంటలో ఒక్కళ్ళు కూడా బాత్‌రూమ్‌కి వెళ్తామనలేదు. కార్డులన్నీ బల్ల మీద పరిచాక, పాత కార్డుని కూడా తెచ్చి వాటి పక్కనే పెట్టింది.

"ఇవి బొమ్మలు. ఇదీ బొమ్మే. రెండూ గీసినవాళ్ళు ఏదీ చూడలేదు. నేనూ చూడలేదు. అది ఎలా ఉంటుందో నాకు తెలీదు, క్రిస్టినా. ఉందని నమ్ముతాను. పోయినసారి తెలుసన్నాను, అది తప్పు."

క్రిస్టినా పాత కార్డునీ కొత్తవాటినీ మార్చి మార్చి చూసింది. "ఓకే" అని రంగుల డబ్బా తెరిచింది.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది చాలా మంచి పాఠం. కాని పిల్లలకి టీచరు పెట్టిన నీతి కంటే బోర్డు మీద ఉన్న వివరం ఎక్కువ నచ్చుతుంది. ఆ రోజు ప్రేమ విందు. కోడికాలు రెండుసార్లు కొరికి ప్లేటు చెత్తబుట్టలో పడేయబోయిన కోశాధికారి విద్య దగ్గరికి ఆవిడ కొడుకే వచ్చి, "అమ్మా, రంపం" అని చెప్పి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి ఇంటింటా పంపకాలు జరిగిపోయాయి. ఏ నాన్నకి ఏ గది, ఏ తాతకి ఏ పనిముట్టు. స్కూల్ ప్రాజెక్టు తల్లి చేత చేయించుకున్న ఒక కుర్రాడు, పేగులు లాగేది తనకా తల్లికా అని నిజంగానే భయపడ్డాడట.

జోనాథన్ ఇంట్లో దెబ్బ ఎలా తగిలిందంటే, ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. జోనాథన్ పుకార్లు మోసే మనిషి కాడు, అలాంటివాళ్ళంటే అసహ్యం. ఆయన చేసేది ప్రార్థన మనవి. ఫలానా వాళ్ళబ్బాయికి వీసా రిజెక్టయిందట, ఎవరికీ చెప్పొద్దన్నారు, ప్రార్థన కోసం చెబుతున్నాను. ఫలానా వాళ్ళిద్దరికీ మాటల్లేవట, ప్రార్థన చేయండి. శాన్ రామన్ నుంచి టెక్సస్‌లోని ప్లేనో దాకా తెలుగు క్రైస్తవుల కష్టాలు ఇంత వేగంగా దేవుడికి కూడా చేరవు. ఆ సాయంత్రం మూడో మనవి మధ్యలో క్రిస్టినా వచ్చి ఎదురుగా నిలబడింది. చపాతీలు తిప్పే పట్టకారు చేతిలో పట్టుకుని ఉంది.

"డాడీ, నాలిక" అంది.

ఆదివారం కమిటీ కూర్చుంది. హాలులో కుర్చీలు సర్దేశారు కాబట్టి అమెరికన్ల చిన్నపిల్లల గదిలో కూర్చున్నారు. అక్కడ కుర్చీలు జానెడు ఎత్తు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నలుగురు పెద్దలు గంభీరంగా ఉండడానికి ప్రయత్నించారు. జోనాథన్ ఎప్పుడూ ఆంటీ అని పిలిచేవాడు, ఆ రోజు "సిస్టర్ దేవకుమారి గారూ" అని మొదలుపెట్టాడు. అన్యమత విగ్రహాల బొమ్మలు చర్చిలోకి తెచ్చారన్నది అభియోగం. పసిమనసులు, సిద్ధాంతం, సాక్ష్యం అన్న మాటలు అరడజనుసార్లు వచ్చాయి. పట్టకారు మాట ఎవరూ ఎత్తలేదు. పాస్టరు అయ్యగారు గోడ మీద అంటించిన జిరాఫీ బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు.

చివరికి తేల్చిందేమిటంటే, వచ్చే ఆదివారం పిల్లల ముందు నిలబడి, ఆ రోజు తెలీదన్నది పొరపాటని, నరకం సంగతి తనకి నిశ్చయంగా తెలుసని ఆమె చెప్పాలి. చెబితే క్లాసు ఆమెకే ఉంటుంది. లేకపోతే ఇకనుంచి వీడియో పాఠాలు, జోనాథన్ పర్యవేక్షణలో.

పదిహేడేళ్ళ క్లాసు ఒక్క వాక్యం మీద నిలబడింది. ఎవరికీ నష్టం లేని వాక్యం. కాలిఫోర్నియా అంతటా ఆదివారం నాడు ఎంతోమంది మంచివాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పే వాక్యం.

"నాకు తెలీదు జోనాథన్. తెలుసని ఎలా చెప్పను?"

"టీచరే తెలీదంటే ఎలా ఆంటీ?" కంగారులో పాత పిలుపు వచ్చేసింది.

"మా ఆఫీసులో తెలీనిది తెలుసని రాస్తే ఉద్యోగం పోతుంది. ఇక్కడ రాయకపోతే పోతోంది. సరే, పోనీ." లేవబోతూ అడిగింది. "ఇంతకీ మీకెవరెవరికి ఏ గది వచ్చింది?"

జానెడు కుర్చీలో విద్య భుజాలు కదలడం మొదలైంది. "నాకు రంపం ఆంటీ" అంది ఆవిడ, ఇక ఆపుకోలేక నవ్వేస్తూ. అయ్యగారు జిరాఫీ మీద నుంచి చూపు తిప్పి, "మా ఇంట్లో నాకు నాలికే ఇచ్చారు, ప్రసంగం నలభై నిమిషాలు దాటితేనట" అన్నారు. అందరూ నవ్వారు. జోనాథన్ కూడా నవ్వాడు, ఒక రెప్పపాటు ఆలస్యంగా. ఇలా నవ్వుకున్నాక అన్నీ చక్కబడతాయని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఎప్పుడూ ఏ కమిటీలోనూ కూర్చోలేదన్నమాట. కడుపుబ్బ నవ్వుకుని, కళ్ళు తుడుచుకుని, క్లాసు తీసేశారు. కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు కూడా.

ఇంటికి వెళ్తూ కారులో దేవకుమారి పాత కార్డు నలిగిన అంచులు వేలితో సరిచేస్తూ కూర్చుంది. దైవాశీర్వాదం రెండు సిగ్నళ్ళ దాకా ఓపికపట్టి, వేరే చర్చికి వెళ్దామా అని అడిగాడు. అరవైమందికి టీ ఎవరు పెడతారు అందామె. ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు. ప్లేటులో మిగిలింది చూసి ఆయన రంపం అనబోయి మానుకున్నాడు.

పై ఆదివారం పిల్లల గదిలో ప్రొజెక్టర్ వెలిగింది. తెర మీద చక్కటి యానిమేషన్, చక్కటి అమెరికన్ గొంతు. వెనక కుర్చీలో జోనాథన్. దేవకుమారి వంటగదిలో పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, అల్లం దంచుతోంది. ఎప్పుడూ క్లాసయ్యాక హడావిడిగా పెట్టే టీకి ఇప్పుడు ఎంత టైమైనా ఉంది. దంచిన అల్లమే దంచుతోంది.

మొదట క్రిస్టినా వచ్చింది. వాటర్ కావాలంది. తాగేసి వెళ్ళలేదు. ఏలకులు ఒలవడం చూసి, తానూ ఒలుస్తానంది. ఒలుస్తూ, దేవుడికి టీ ఇష్టమో కాఫీ ఇష్టమో మీకు తెలుసా, నమ్ముతారా అని అడిగింది. ఇంకో ఇద్దరికి దాహం వేసింది. తర్వాత ఒకడికి బాత్‌రూమ్ వచ్చింది. బాత్‌రూమ్ దారి వంటగది పక్కనుంచే. నలుగురికి వినిపించాలంటే దేవకుమారి గొంతు కొంచెం పెంచాల్సి వచ్చింది. నాలుగో ఆదివారానికల్లా పన్నెండుమందీ వంటగదిలోనే ఉన్నారు. కొందరు నేల మీద, ఇద్దరు ఫ్రిజ్‌కి ఆనుకుని. ఒకరు కప్పులు పేరుస్తుంటే, ఒకరు చక్కెర కొలుస్తున్నారు. పాత కార్డు పొయ్యి పక్కన గోడకి ఆనించి ఉంది, ఆవిరి తగిలి ఇంకొంచెం వంగింది.

జోనాథన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనక గదిలో ప్రొజెక్టర్ ఖాళీ కుర్చీలకి పాఠం చెబుతోంది. ఏదో అనడానికి నోరు తెరిచాడు. క్రిస్టినా వెనక్కి తిరక్కుండానే "డాడీ, స్టోరీ అవుతోంది" అంది. ఆయన చుట్టూ చూసి, కూర్చోవడానికి చోటు లేక, ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు. దేవకుమారి ఆపకుండా కథ చెబుతూనే ఒక కప్పు ఆయన చేతికిచ్చింది. ఆయన తాగాడు. మరిచిపోయినట్టే ఉన్నాడు గాని, మినిట్స్ మాత్రం దిద్దలేదు. ఈనాటికీ చర్చి రికార్డు ప్రకారం సండే స్కూల్ వీడియో పద్ధతిలో నడుస్తోంది, టీచరు ఎవరూ లేరు.

జోనాథన్ ఇంట్లో ఇప్పుడు ప్రార్థన మనవులు కొంచెం పొట్టివయ్యాయని విద్య అంటుంది. ఆవిడకి ఆ సంగతి ఎవరు చెప్పారో అడగడం బాగుండదు.

ఆ తర్వాతి వారం క్రిస్టినా ఒక జిప్‌లాక్ సంచీ తెచ్చి దేవకుమారి చేతిలో పెట్టింది. చెత్తబుట్ట బయటపెట్టినందుకు వారానికి ఇంట్లో ఇచ్చే డబ్బు దాచి తెచ్చింది, నోట్లూ చిల్లరా కలిపి. జోనాథన్ నవ్వి, ఎందుకాంటీ, మొత్తం నేను ఫోన్‌లో పంపేస్తాను అన్నాడు. దేవకుమారి వద్దంది. టికెట్ కొంటానన్నది నువ్వు కాదు, మీ అమ్మాయి అంది.

పదిహేను డాలర్లలో తొమ్మిది ముట్టాయి. క్రిస్టినా ఇంకా ఆరు డాలర్లు బాకీ.